ఫ్యాన్ ఆపకండి, ఫైలు పంపకండి

ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి పాటలకో వాయించి పంపి నాలుగు డబ్బులు సంపాదించడం ఎలాగో చెప్పమని ఈమధ్య కుర్రాళ్లు నా చుట్టూ తిరుగుతున్నారు. తిరగడం న్యాయమే. పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. వేణువు నా వాద్యం, బెజవాడ సత్యనారాయణపురం నా మకాం. నా చేత ఒకసారి వాయింపించుకున్న సంగీత దర్శకుడు రెండోసారి నన్ను ఇబ్బంది పెట్టిన పాపాన పోలేదు. అంత తృప్తిగా సాగనంపుతాను ఒక్కొక్కణ్ణీ. ఆ రహస్యాలు నాతోనే పోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

ముందు గది సంగతి. దీని గురించి కుర్రాళ్లు పడే హైరానా అంతా ఇంతా కాదు. రెహమాన్ కోడంబాకంలో ఇంటి వెనకే స్టూడియో కట్టుకుని ‘రోజా’ (1992) పాటలు చేశాడని ఒకడు మొదలుపెడతాడు. మా ఇంటి వెనక బోరు మోటారు ఉంది. ఎవరి ఇంటి వెనక ఏది రాసిపెట్టి ఉంటే అదే ఉంటుంది.

మైకు ఎక్కడ పెట్టాలి? ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ. మా హాల్లో ప్లగ్గు ఫ్రిజ్ పక్కన ఉంది కాబట్టి నా స్టూడియో కూడా ఫ్రిజ్ పక్కనే. కండెన్సర్ మైకు అనేది 48 వోల్టుల కరెంటు తాగి కూర్చునే జీవి. వీధి చివర పాలవాడు దగ్గినా దానికి వినపడుతుంది. మరి పక్కనే ఉన్న ఫ్రిజ్ వినపడిందని ఫిర్యాదు చేస్తే ఏం న్యాయం? ఫ్రిజ్ మోతని తంబూరా అనుకోండి. శ్రుతి కలవదంటారా, మన కచేరీల్లో మాత్రం ఎన్ని తంబూరాలు కలిశాయి?

ఫ్యాన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపి వేణువు పట్టుకుంటే రెండో నిమిషానికి పెదవి కింద చెమట పట్టి ఊదే రంధ్రం జారిపోతుంది. పైగా లోపల గాలి వేడెక్కే కొద్దీ వేణువు శ్రుతి పైకి పోతుంది. డిగ్రీకి దాదాపు 3 సెంట్లు. సెంటంటే ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య దూరంలో నూరో వంతు. ఏసీలో 24 డిగ్రీల దగ్గర శ్రుతి చూసుకుని, చప్పుడని ఏసీ ఆపేసి, గది 34కి చేరాక వాయిస్తే షడ్జం 30 సెంట్లు ఎక్కి కూర్చుంటుంది. పియానో మీద వేసిన పాటలో అది ఎలా వినపడుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఫ్యాన్ వేసుకుని హాయిగా వాయించండి. శ్రుతీ బాగుంటుంది, ‘టకటక’ అని లయా వస్తుంది.

మా పై వాటాలో మేనకోడలు ఉంటుంది. వయొలిన్ వాయిస్తుంది, ఇదే పని చేస్తుంది. ఆ పిల్ల పద్ధతి వేరు. వాయించే అరగంట ముందే ఏసీ వేసి గది చల్లబరుస్తుంది. తర్వాత ఏసీ ఆపేసి నాలుగు నిమిషాలు వాయించి మళ్లీ వేస్తుంది. ప్రతి టేకుకీ ముందు ట్యూనరు చూసుకుంటుంది. వేడికి వయొలిన్ తంతి సాగి శ్రుతి దిగుతుంది, నా వెదురేమో పైకి ఎక్కుతుంది. మధ్యాహ్నం పూట ఇద్దరం కలిసి వాయిస్తే మధ్యలోంచి ఆటో పోవచ్చు. “మావయ్యా, ప్రతిసారీ చూసుకోవాలి” అంటుంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఒకసారి చూసుకున్నాను, చాలదా?

గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించండి. అవి బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపవు, లోపలిది బయటికి పోకుండానూ ఆపవు. కానీ వీడియో కాల్లో వెనక స్టూడియోలా కనపడుతుంది, బల్లులకీ నీడ. మేనకోడలు అటక మీదున్న మా అమ్మ బొంతలు మూడు దించి తలుపుకీ కిటికీకీ వేలాడదీసింది. బట్టల బీరువా బార్లా తీసి, చీరల వైపు తిరిగి వాయిస్తుంది. గోడల మోత చీరల్లో ఇంకిపోతుందట. పెళ్లి పట్టుచీరలకి కల్యాణి రాగం వినిపించడం ఏం వేషమో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కిందటి వేసవిలో హైదరాబాదు కృష్ణానగర్ నుంచి ఒక కుర్ర సంగీత దర్శకుడు ఫోన్ చేశాడు. షార్ట్ ఫిలిమ్. తల్లి వంటింట్లో ఒంటరిగా కూర్చుని, ఊరెళ్లిపోయిన కొడుకుని తలుచుకునే సీను. ఎనిమిది బార్లు ఫ్లూటు కావాలి. “మాస్టారూ, సి షార్ప్ మైనర్, 72 టెంపో, రాత్రికి మిక్సింగ్ ఉంది, సాయంత్రం ఆరుకల్లా కావాలి” అన్నాడు. సి షార్ప్ అంటే ఒకటిన్నర శ్రుతి. నా దగ్గర ఒకటిన్నర వేణువు ఉంది కానీ అది కిందటి సంక్రాంతికి మా తోడల్లుడి కొడుకు తీసుకెళ్లాడు. రెండు శ్రుతి వేణువుతో సర్దుకోవచ్చులే అనుకున్నాను. కంప్యూటర్లో కిందికి దింపుకోవడం వాళ్లకి ఎంత పని? పనిలో దిగేటప్పుడు ఏ శ్రుతి వేణువులున్నాయో ముందే చెప్పడం దండగ. అడిగినప్పుడు “అన్నీ ఉన్నాయి” అనండి, వాద్యగాడికి అదే గౌరవం.

భోంచేసి పడుకుని లేచేసరికి నాలుగున్నర. ఆ రోజు రాహుకాలం ఆరింటిదాకా ఉంది. అందుకే ఆరింటికి మొదలుపెట్టాను. ‘ఎంతవరకు వచ్చింది మాస్టారూ’ అని అయిదున్నరకి మెసేజ్ వస్తే ‘అయిపోయింది, పంపుతున్నా’ అని కొట్టాను. ఇది ముఖ్యమైన చిట్కా. పని మొదలుపెట్టకముందే అయిపోయిందనాలి. ‘ఆరున్నర అవుతుంది’ అని నిజం చెబితే అతను ఈలోగా ఇంకో పని చూసుకుంటాడు. అలా వదిలేస్తే మన మీద ధ్యాస ఎక్కడుంటుంది?

మొదటి టేకులో మూడో బారు దగ్గర కుక్కర్ కూసింది. ఆగలేదు. ఆగితే భావం చెడుతుంది. అయిదో బారులో రెండో కూత. ఏడో బారులో నేను పంచమం పట్టుకుని గమకం వేస్తుంటే మూడో కూత వచ్చి సరిగ్గా ఆ పంచమం మీదే వాలింది. నా వేణువుకంటే శ్రుతిలో ఉంది. ఒళ్లు పులకరించింది. రెండో టేకు తీయలేదు. మొదటి టేకులో ఉండే జీవం రెండోదానిలో ఉండదని పెద్దలంటారు కదా. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, “చెబితే స్టవ్ కట్టేసేదాన్నిగా” అంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పడం మన వృత్తికి చిన్నతనం.

ఆ టేకే పంపేశాను. నెల తర్వాత ఆ షార్ట్ ఫిలిమ్ యూట్యూబులో వచ్చింది. చూశాను. వంటింటి సీను బ్రహ్మాండంగా పండింది. తల్లి స్టవ్ వైపు చూస్తూ ఉంటే కుక్కర్ మూడు కూతలు వినపడతాయి. అది మా కుక్కరే, నాకు తెలియదా? ఫ్లూటు మాత్రం నాది కాదు, కీబోర్డులో ముందే నింపి ఉంచిన ఫ్లూటు. ఫోన్ చేసి నిలదీశాను. “మాస్టారూ, కూత చాలా సహజంగా ఉందని డైరెక్టర్ ముచ్చటపడ్డాడు” అన్నాడు. పేర్లలో నేనూ లేను, కుక్కరూ లేదు.

మిషన్ల గురించి రెండు మాటలు చాలు. లెవెల్ మీటర్ ఎర్రబడేదాకా పెంచండి. శిఖరం సున్నాకి ఆరు డెసిబెల్స్ కిందుండాలని ఇంజనీర్లు గొణుగుతారు కానీ పసుపుపచ్చ దగ్గర ఆగిపోయేవాడు జీవితంలో ఏం సాధిస్తాడు? డిజిటల్లో ఒకసారి పగిలిన శబ్దాన్ని ఎవరూ అతకలేరు, కాబట్టి దిద్దమని అడిగే బాధ కూడా ఉండదు. బఫర్, అంటే కంప్యూటర్ శబ్దాన్ని ఒక విడతలో పట్టుకునే ముక్క, 1024 శాంపుల్స్ దగ్గర పెట్టండి. సెకనుకి 48 వేల శాంపుల్స్ లెక్కన అది 21 మిల్లీసెకన్లు. పోయేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి లెక్కేస్తే నలభై దాటుతుంది. మీ ఊపిరి మీ చెవికి చేరేసరికి తాళం ముందుకెళ్లిపోతుంది. పెద్ద విద్వాంసులు కాస్త వెనకగా వాయిస్తారని పేరు, మీకూ ఆ పేరొస్తుంది. 128 పెట్టుకుంటే ఈ అవకాశం పోతుంది.

తాళం కొట్టే క్లిక్ పెద్దగా పెట్టుకోండి, అదీ చెవి పక్కనుంచి చప్పుడు కారే హెడ్‌ఫోన్స్‌లో. అది మెల్లగా మైకులోకి జారుతుంది. విషాద ఘట్టంలో ఫ్లూటు ఒక్కటే మిగిలినప్పుడు దాని వెనక ‘టిక్, టిక్’ అని వినపడితే ప్రేక్షకుడికి కాలం గడుస్తున్న అనుభూతి కలుగుతుంది. మేనకోడలు చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ కొని, క్లిక్ తగ్గించుకుని, పాట ఆగే చోట క్లిక్ కూడా ఆగిపోయేలా పెట్టుకుంటుంది. చాదస్తం.

కొందరు అమెరికా తెలుగువాళ్లు “వీడియో కాల్లో కలిసి వాయిద్దామండీ, నేను ఇక్కడ కీబోర్డు, మీరు అక్కడ ఫ్లూటు” అంటారు. సరేననండి. బెజవాడ నుంచి న్యూజెర్సీకి శబ్దం వెళ్లి రావడానికి కనీసం సెకనులో అయిదో వంతు పడుతుంది. ఆయన సమం మీకు ఎత్తుగడ అవుతుంది. పైగా ఆ యాప్‌లు ఒకే స్థాయిలో సాగే శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని నొక్కేస్తాయి. నేను దీర్ఘంగా షడ్జం పట్టుకుంటే ఆయనకి మొదటి అరసెకను వినపడి మిగతాది మాయమైపోయింది. “ఆపేశారేంటండీ?” అంటాడు. అసలైన ఫ్యాన్ మాత్రం చక్కగా వినపడిందట. ఈ గొడవ లేకుండా ఎవరి ఇంట్లో వాళ్లు వాయించి ఫైలు పంపుకోవడమే ఈ పని పుట్టుకకి కారణమని మేనకోడలు అంటుంది. ఆ మాట నిజమే కావచ్చు. అయితే ఫైలు ఎలా పంపాలన్న చోట మళ్లీ మా దారులు వేరు.

ఆ పిల్ల 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జ్‌లో వేవ్ ఫైలు ఇస్తుంది. మోనో అయినా నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ దాటుతుంది, నాలుగు నిమిషాల పాటకి 35. డేటా ఏమైనా చెట్లకి కాస్తోందా? నేను ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడతాను, క్షణంలో పోతుంది. ఇంకొకటి. ఆమె ఎనిమిది బార్లు వాయించినా ఫైలు మాత్రం పాట మొదటి బారు నుంచే మొదలుపెడుతుంది, ముందంతా నిశ్శబ్దమైనా సరే. సంగీత దర్శకుడు తెచ్చి సున్నా దగ్గర పడేస్తే దానంతటదే చోట్లో కూర్చుంటుందట. నేను బిట్టు మటుకు కోసి పంపుతాను. ఎక్కడ అతకాలో వెతుక్కోవడంలో అతనికీ నాలుగు సార్లు నా వాద్యం వినే అదృష్టం కలగాలి.

శాంపుల్ రేటు గురించి అసలు అడగకండి. అడిగితే తెలియదనుకుంటారు. వాళ్ల ప్రాజెక్టు 48లో ఉండి, మీరు 44.1లో పంపి, అక్కడి మిషన్ మార్చకుండా వాయించేస్తే మహత్తరమైన సంగతి జరుగుతుంది. వేగం నూటికి తొమ్మిది పాళ్లు పెరుగుతుంది, ఒకటి శ్రుతిలో వాయించింది ఒకటిన్నరకీ రెండుకీ దాదాపు మధ్యన తేలుతుంది. కర్ణాటక సంగీతంలో ఎవరూ ఎక్కని శ్రుతి అది. నాకు రెండుసార్లు దక్కింది.

ఇక ఫైలుకి పేరు పెట్టడం. ‘ఫ్లూట్’ అని పెట్టండి. దిద్దాక ‘ఫ్లూట్ ఫైనల్’. ఆ తర్వాత ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే వాడండి’, ‘ముందుది వాడండి’. పాట పేరు, టెంపో, శ్రుతి, టేకు నెంబరు రాస్తే మీ మీద ఆధారపడటం మానేస్తారు. ప్రతిధ్వని కూడా ముందే దండిగా కలిపి పంపండి. పొడిగా పంపితే ఇంజనీరుకి పని దొరుకుతుంది. వాడి చేతికి ఎందుకు చిక్కాలి?

ఇక్కడ పాత రోజులు గుర్తొస్తాయి. ఈమని శంకరశాస్త్రి గారు జెమినీ స్టూడియోలో ఉన్నప్పుడు గానీ, చిట్టిబాబు గారు సినిమాలకి వీణ వాయించినప్పుడు గానీ ఫ్రిజ్ ఎక్కడుందని ఎవరైనా అడిగారా? హాలు చూసుకోవడానికి ఒకరు, మైకు సర్దడానికి ఒకరు, నొటేషన్ రాసి ముందు పెట్టడానికి ఒకరు, రమ్మని కబురు చెప్పడానికి ఒకరు, సంతకం తీసుకుని డబ్బులు ఇవ్వడానికి ఒకరు. వయొలిన్ వరసలో ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి వాయించేవాళ్లు, అందుకని ఇంట్లోనే చక్కగా సాధన చేసుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ అయిదుగురి పనీ వాయించేవాడి నెత్తిన పడింది. అది అన్యాయం కాబట్టి నేను ఏదీ చేయను. వాళ్లు అయిదుగురూ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తారని నా నమ్మకం.

డబ్బుల దగ్గర ఒకే సూత్రం: అంకె చెప్పొద్దు. “మాస్టారూ, ఎంత పంపమంటారు?” అంటే, “మనలో మనకి లెక్కలేంటి నాన్నా, మీకు తోచింది ఇవ్వండి” అనండి. ఇది అనేటప్పుడు గొంతులో కాస్త నవ్వు ఉండాలి. తర్వాత ఫోన్ ‘టింగ్’ మంటుంది. అయిదొందలు. అప్పుడు రెండో అంకం మొదలవుతుంది. అతనికి ఏమీ అనకుండా మిగతా ఊరందరికీ చెప్పాలి. కాలేజీ మెట్ల మీద మృదంగం వాళ్లకి, కచేరీ వెనక టీ దగ్గర ఘటం వాళ్లకి, పెళ్లిలో నాదస్వరం వాళ్లకి. “ఎనిమిది బార్లకి అయిదొందలిచ్చాడయ్యా, విద్యకి విలువ లేదు.” నా మనసులో నాలుగు వేలుంది. “మీ మనసులో ఉన్నది ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుందీ?” అంది మా ఆవిడ. తెలియకపోవడం అతని సంస్కార లోపం.

మేనకోడలు ధరలు ఒక కాగితం మీద రాసి పంపేస్తుంది, కూరగాయల బండి మీద పలకలాగా. సగం ముందు, సగం ఫైలు ఇచ్చేముందు. రెండు దిద్దుబాట్లు ఉచితం, మూడోదానికి ఇంత. పాట స్వరమే మారిస్తే కొత్త పని కింద లెక్క. సిగ్గులేని పిల్ల అనుకున్నాను. వింత ఏమిటంటే అడిగినవాళ్లు మారుమాట్లాడకుండా ఇస్తున్నారు.

నేను దిద్దుబాట్లకి లెక్క పెట్టను. “ఎన్నిసార్లయినా మారుస్తాను” అంటాను. అది మొదటి రోజు. రెండో రోజు “చిన్న కరెక్షన్ మాస్టారూ, రెండో బారులో గమకం కొంచెం తగ్గించండి” అని వస్తే, నా గురువుగారి వంశవృక్షం మొత్తం టైపు చేసి పంపుతాను. గమకం తగ్గించమన్నవాడికి ద్వారం వెంకటస్వామినాయుడు గారు, విజయనగరం సంగీత కళాశాల, అక్కణ్ణుంచి నా దాకా వరసగా తెలియాలి. నేను వేణువు, ఆయన వయొలిన్, అయినా ఆ ఊరి గాలి నాకూ తగిలింది. ఈ సందేశం తర్వాత కరెక్షన్లు ఆగిపోతాయి. నూటికి నూరు పాళ్లు పనిచేసిన చిట్కా ఇదొక్కటే.

కాగితాలు, పన్నుల జోలికి పోవద్దు. ఏదైనా కంపెనీ పాన్ నెంబరు అడిగితే ఇవ్వకండి, దొంగలు ఎక్కువయ్యారు. ఇస్తే పది శాతం కోసుకుని, ఆ లెక్క మీ పేరున జమకడతారు, రిటర్ను వేస్తే తిరిగి రావచ్చు కూడా. ఇవ్వకపోతే ఇరవై కోస్తారు. కోసేవాణ్ణి గుచ్చి గుచ్చి అడగడం మన మర్యాద కాదు. అలాగే ఒప్పందం. వాయించినవాడికి కూడా తన వాద్యం మీద హక్కు ఉంటుందని 1994లో చట్టంలో చేర్చారు, 2012 సవరణలో రాయల్టీ మాట కూడా వచ్చింది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుందట. చదవడానికి కళ్లజోడు కావాలి. వాళ్లు పది పేజీలు పంపితే కింద బొటనవేలు బొమ్మ పెట్టేస్తాను. పాటల కింద పేరు వేయమని ముందే అడగడం కూడా ఆత్మగౌరవానికి తక్కువ. వెయ్యకపోయాక ఏడవడంలో ఉన్న గౌరవం దానిలో లేదు.

చివరగా, వాయించినవి ఎక్కడా నమూనాగా పెట్టకండి. మేనకోడలు రాగాలాపన ఒకటి, పాశ్చాత్య పద్ధతిలో ఒకటి, సినిమా బిట్టు ఒకటి, మూడూ కలిపి రెండు నిమిషాల్లోపు చేసి అడిగినవాళ్లకి లింకు పంపుతుంది. డాలస్ నుంచి ఒకాయన అది విని నెలకి రెండు మూడు పాటలు పంపుతున్నాడు. ముఖం కూడా చూడలేదు, ఫైలు సరిగా ఉంటే చాలంటాడట. నిన్న రాత్రి ఆమెకి ఏదో అర్జెంటు పాట వచ్చింది. మెట్ల మీంచే “మావయ్యా, పది నిమిషాలు మోటారు వెయ్యకండి” అని కేకేసింది. వెయ్యలేదు. ఫ్రిజ్ ప్లగ్గు కూడా నేనే పీకాను. పైనుంచి వయొలిన్ వినపడుతూ ఉంటే, పాలు విరిగిపోతాయేమోనని భయపడుతూ కూర్చున్నాను.

ఈ నెల నాకు పని ఖాళీగానే ఉంది. ఫోన్ నెంబరు ఇక్కడ ఇవ్వడం లేదు, కావలసినవాళ్లే వెతుక్కుంటూ రావాలి. వచ్చేవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా మాత్రం రావద్దు, పడుకుంటాను. ఒకటిన్నర శ్రుతి వేణువు ఇంకా తిరిగి రాలేదు.